దండెం మీద పదిహేను క్లిప్పులు

డ్రైవరు కుడిచేతికి గుడ్డకట్టు ఉంది. మీసాల ఇన్‌స్పెక్టరుకి అంతకు మించి రుజువు అక్కర్లేకపోయింది.

"మంగళవారం సాయంత్రం మందుల డీలరు సొంత ఇంట్లో తల పగిలి చచ్చిపోయాడు. ఆయన కుక్క మూతికి మనిషి రక్తం అంటింది. ఆయన వ్యాను నడిపే ఈ మహానుభావుడి చేతికి కుక్కకాటు. ఇంకేం కావాలి గురువుగారూ?" అన్నాడు, మీసం కొస సర్దుకుంటూ.

ఆ గురువుగారూ అన్న పిలుపులో గౌరవం పాలు తక్కువ, వెటకారం పాలు ఎక్కువ. ఏడేళ్ళ కిందట ఇతగాడు, ఇప్పుడు స్టేషన్లో ఎదురుగా కూర్చున్న ఈ పెద్దాయన కిందే పని నేర్చుకున్నాడు. డిపార్ట్‌మెంటులో ఆయన్ని అందరూ పట్టకారు అనేవారు. పట్టుకుంటే వదలడని. రిటైరయ్యాక ప్రైవేటుగా కేసులు చూస్తున్నాడు. నిన్న పొద్దున ఈ డ్రైవరు భార్య వచ్చి, "మా ఆయన చీమని కూడా తొక్కడండీ" అంటూ గుమ్మంలో కూలబడితే సరేనన్నాడు.

సరేనన్నాడే గానీ మనసు ఎక్కడుందో ఆయనకే తెలియదు. భార్య పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలి కూడా సరిగ్గా రావడం లేదు. పని మాత్రం చేస్తున్నాడు. కాళ్ళు వెళతాయి, కళ్ళు చూస్తాయి, నోరు అడుగుతుంది.

"కట్టు విప్పు," అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు విప్పాడు. లోపల నల్లటి ముద్ద ఒకటి ఎండి అట్టకట్టింది. వాసన గదంతా కమ్ముకుంది.

"ఏంటిది?"

"కాఫీపొడండి. దాని కింద కాస్త కారం."

"కాటుకి మందేశావా, కూరకి తాలింపేశావా?"

తలుపు దగ్గర కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. మాటన్న మనిషికి మాత్రం నవ్వు రాలేదు.

"ఎప్పుడు కరిచింది?"

"ఆదివారం పొద్దున సార్. తాళాల కోసం వెళ్తే, గేటు తీసీ తియ్యగానే."

"సబ్బుతో కడిగావా?"

"నీళ్ళు తగిలితే చీము పడుతుందని మా అత్త..."

"సూది?"

"భయమండి."

"నువ్వు రోజూ వ్యానులో మోసేది ఏంట్రా?"

డ్రైవరు నేలచూపులు చూశాడు. "కుక్కకాటు మందేనండి. అందుకే ఇంకా భయం. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ పెట్టెల్లో ఐసు వెయ్యొద్దన్నాడు మా ఓనరు. ఐసు పెట్టే చోట ఇంకో నలభై సీసాలు పడతాయని. రెండు గంటల ప్రయాణం సార్. మూత తీస్తే సెగ కొట్టేది. ఆ మందు నేను పొడిపించుకోవాలా?"

"ఎవరూ అడగలేదా?"

"టీకాల గదుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఓనరునే అడగండమ్మా అని తప్పించుకున్నా."

పెట్టెలు, ఐసు, సెగ. ఈ మాటలు ఈ మధ్య ఎక్కడో విన్నట్టే అనిపించింది పట్టకారుకి. ఎక్కడో తట్టలేదు. ఈ మధ్య ఏదీ ఒక పట్టాన తట్టడం లేదు.

"కుక్క ఎలా ఉండేది?"

"కొత్తదండి, తెచ్చి పది రోజులు కాలేదు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత నీళ్ళ గిన్నె దగ్గరికి పోయేది కాదు. నోట్లోంచి ఒకటే చొంగ."

పట్టకారు ఆ చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు. పంటి గాట్ల అంచులు ఎండి పెచ్చులు కట్టాయి. ఐదు రోజుల గాయం. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"ఇది మంగళవారం కాటు కాదు. వీణ్ణి ముందు పెద్దాసుపత్రికి పంపించు. ఆ దరిద్రమంతా కడిగించి సూది వేయించు. ఆలస్యమైందని మానకూడదు. అసలు ఆ కుక్క ఏది?"

"మంగళవారం లోపలి తలుపు తీస్తే మా వాడి మీదకి ఎగబడింది. లాఠీతో ఒకటిచ్చాడు, పోయింది."

"తాళ్ళతో కట్టేసి పది రోజులు చూస్తే పిచ్చిదో కాదో తేలిపోయేదిగా!"

"చేతులు కాలాక ఆకులెందుకు గురువుగారూ? పశువుల డాక్టరు కుక్క తల తీసుకెళ్ళాడు. పరీక్ష ఫలితం ఇవ్వాళ వస్తుంది."

"దాని మూతి మీద రక్తం వీడిది కాకపోతే, కరిపించుకున్న మనిషి ఇంకొకరున్నారు. కుక్కకి పిచ్చి ఉంటే ఆ మనిషి చేతిలో ఉన్నది రోజులే. జబ్బు బయటపడ్డాక దేవుడు దిగొచ్చినా లాభం లేదు."

"అందుకేగా నా వల!" ఇన్‌స్పెక్టరు బల్ల చరిచాడు. "గాయంలోకి పొడిచే సీరం పెద్దాసుపత్రిలో తప్ప ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. మంగళవారం రాత్రి నుంచీ అక్కడ ఇద్దరు కానిస్టేబుళ్ళు. కొత్త కాటుతో ఎవరొచ్చినా పేరు, ఊరు, సాయంత్రం నాలుగున్నరకి ఎక్కడున్నావు."

"యూనిఫాంలోనా?"

"మరి పట్టుచీరల్లోనా?"

"గేటు బయట టీ కాచేవాడికి కూడా తెలిసుంటుంది. వాళ్ళని తీసెయ్యి."

"నాకు ముద్దాయి కావాలి."

"శవం స్టేట్‌మెంటు ఇవ్వదు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "డ్రైవర్ని పంపిస్తా. కానిస్టేబుళ్ళని మాత్రం తియ్యను. పదండి, ఇల్లు చూద్దురుగాని."

డీలరు ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ఆ ఇంట్లో ఆయన ఒంటరిగా ఉండేవాడు. వెనక వసారా గడప రాతికి ఎండిన రక్తం. వసారా మెట్టు దిగి ఎనిమిది అడుగులు వేస్తే పెరటి కొళాయి. దాని పైన ఈ గోడ నుంచి ఆ గోడకి బట్టల దండెం.

"ఎవరో తోశారు. వెల్లకిలా పడ్డాడు, తల వెనక రాయి తగిలింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కుక్క కాటుకి చెప్పుదెబ్బ. ఈయన కుక్కని వదిలాడు, వాడు ఈయన్ని తోశాడు."

"వెంటనే పోయాడా?"

"లేదు. శవపరీక్ష చేసిన డాక్టరు ఖాయంగా చెప్పాడు, అరగంట పైన బతికున్నాడు. స్పృహ లేదంతే. ఒక్క ఫోను చేసుంటే బతికేవాడట."

పక్కింటి లెక్కల మాస్టారు గోడ మీద నుంచి తల పెట్టి ఎప్పుడెప్పుడు అడుగుతారా అని చూస్తున్నాడు. పట్టకారు ఆయన వైపు తిరగ్గానే అందుకున్నాడు.

"నాలుగూ ముప్పై ఎనిమిదికి కుక్క అరిచిందండి. నాలుగూ నలభై రెండుకి నా స్నానాల గదిలో నీళ్ళు ఆగిపోయాయి. రెండిళ్ళకీ ఒకటే గొట్టం. వాళ్ళ కొళాయి పూర్తిగా తిప్పితే నాకు చుక్క రాదు. ఒంటి నిండా సబ్బు, కళ్ళల్లో సబ్బు! నాలుగూ యాభై ఎనిమిదికి మళ్ళీ వచ్చాయి."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు మాస్టారూ?"

"సబ్బు కారుతుంటే హాల్లోకొచ్చి గోడ గడియారం వంక చూస్తూ తిట్టుకున్నా. పదహారు నిమిషాలు. ఆరింటికి దెబ్బలాడదామని వెళ్ళి చూస్తే, దెబ్బలాటకి మనిషి లేడు."

పట్టకారు కొళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గట్టు మీద సబ్బుబిళ్ళ ఒకటి రేకులా అరిగి ఉంది. దాని కాగితం తూము దగ్గరే పడి ఉంది. అంటే కొత్త బిళ్ళ విప్పి, ఒక్క విడతలో అంత అరగదీశారు. తూము చుట్టూ తెల్లటి చార.

"రక్తం కడుక్కున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రక్తం రెండు నిమిషాల్లో పోతుంది. తోసినవాడు పారిపోతాడు. ఎనిమిది అడుగుల్లో మనిషి పడి ఉంటే పదహారు నిమిషాలు నిలబడి కాటు కడుక్కునే మనిషి ఎవరు?"

"రాక్షసుడు."

"లేకపోతే కాటు పడితే ఏం చెయ్యాలో ఒంట్లో ఇంకిపోయిన మనిషి."

ఆయన తలెత్తాడు. దండెం మీద ఇరవై పైన క్లిప్పులున్నాయి. కొన్ని ఎడంవైపు ఎలా పడితే అలా ఉన్నాయి. కుడిచివర మాత్రం ఒకదానికొకటి ఆనించి తోసినవి వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాడు. పదిహేను.

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒళ్ళు ఝల్లుమంది. అదీ ఒక్క క్షణమే. మళ్ళీ అంతా మొద్దు.

ఆయన భార్య ఇరవై రెండేళ్ళు టీకాల గదిలో నర్సు. కాటుతో వచ్చినవాళ్ళని ముందు కొళాయి కిందకి తోసేది. పావుగంట కడగమంటే జనం ఒక్క నిమిషం కడిగి, పావుగంట అయిందని ఒట్టేసేవారు. అందుకని కొళాయి పైన దండెం కట్టి పదిహేను క్లిప్పులు తగిలించింది. అరవై లెక్కపెట్టు, ఒక క్లిప్పు పక్కకి తొయ్యి. పదిహేనూ అటు చేరితేనే సూది. "కుక్క ఒక్కసారే కరుస్తుంది, నేను రోజూ కరుస్తా" అని బెదిరించేది. ఆవిడ బెదిరింపుకి ఊళ్ళో రౌడీలు కూడా నోరు మూసుకుని లెక్కపెట్టేవారు.

"ఈ మనిషి మా ఇంటావిడ గదిలో కడుక్కోవడం నేర్చుకున్నాడు," అన్నాడు మెల్లగా, క్లిప్పులు చూపించి.

ఇన్‌స్పెక్టరు విన్నాడు. ఒక్క క్షణం మీసం మీంచి చెయ్యి తీశాడు. "అమ్మగారి గదిలో ఊళ్ళో సగం మంది కడుక్కున్నారు. ఆ సగం ఊరినీ నిలబెట్టి అడగనా? గురువుగారూ, చెడ్డగా అనుకోకండి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు మీరు. ముద్దాయి నా లాకప్పులోనే ఉన్నాడు."

"కాఫీపొడి పూసుకున్నవాడు క్లిప్పులు లెక్కపెడతాడా?"

పట్టకారు మళ్ళీ దండెం చూశాడు. ఐదోది, పదోది, పదిహేనోది తలకిందులుగా తగిలించి ఉన్నాయి. మిగతావన్నీ మామూలే.

"ఈ మూడూ ఎందుకు తిరగబడ్డాయి?"

"మా వాడెవడో చెయ్యి పెట్టుంటాడు."

"చెయ్యి పెట్టినవాడు ఐదేసి లెక్కపెట్టి పెడతాడా?"

ఇది ఆయనకి తెలియని సంగతి. భార్య గదిలో ఇలా చూసిన గుర్తు లేదు. అడగడానికి ఆవిడ లేదు. అమ్మాయి ఉంది. తల్లి పోయాక ఆ గదిలోనే నర్సుగా చేస్తోంది, తల్లి పద్ధతులన్నీ దానికి కొట్టిన పిండి. ఎలాగూ తలనొప్పని మూడు రోజులుగా సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఈ తిరగేసే అలవాటు ఎవరిదో చెప్పగలిగితే, సగం ఊరు నలుగురైదుగురికి తగ్గుతుంది. ఆ నలుగుర్నీ ఇవ్వాళే వెతికి ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళొచ్చు. బేడీలు తర్వాత సంగతి.

"కానిస్టేబుళ్ళని తియ్యి," అన్నాడు వెళుతూ. "కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"ఫలితం రానివ్వండి, చూద్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎటో చూస్తూ.

ఇల్లు చేరేసరికి పన్నెండూ నలభై. అమ్మాయి వంటింట్లో ఉంది. ఇంత ఎండలోనూ పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుంది.

"వచ్చావా నాన్నా. కాళ్ళు కడుక్కో, అన్నం వడ్డిస్తా."

రోజూ ఇదే మాట. రోజూ ఈయన ఊఁ అనడం, పెరట్లోకి వెళ్ళడం. ఇవ్వాళా అలాగే వెళ్ళాడు. కొళాయి తిప్పాడు, కాళ్ళు కడిగాడు, పొద్దున దండెం మీద తను పడేసిన తువ్వాలు అందుకున్నాడు.

తువ్వాలు తీసిన చోట క్లిప్పులున్నాయి. కుడిచివరకి తోసి, వరసగా. లెక్కపెట్టక్కర్లేకపోయినా లెక్కపెట్టాడు. పదిహేను. ఐదోది, పదోది, పదిహేనోది తలకిందులు.

మూడు రోజులుగా పొద్దునా సాయంత్రం ఆ దండెం మీదే తువ్వాలు వేస్తున్నాడు, తీస్తున్నాడు. ఎక్కడో పరాయి పెరట్లో మొదటి చూపులోనే కనబడినది సొంత పెరట్లో మూడు రోజులు కనబడలేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. కొళాయి పోతూనే ఉంది. వెనక చెప్పుల చప్పుడు వినిపించాక, తిరక్కుండానే అడిగాడు.

"ఈ మూడూ ఎందుకమ్మా తిరగబడి ఉన్నాయి?"

ఆ పిల్ల కొళాయి కట్టేసింది. ఎడమచేత్తో.

"ఐదు నిమిషాలకోసారి సబ్బు మళ్ళీ రాయాలి నాన్నా. గదిలో అలా ఉండదు, మనింట్లో ఆట అది. నా ఏడో ఏట పక్కవీధి కుక్క కరిచింది చూడు, అప్పుడు నేను ఏడవకుండా అమ్మ కనిపెట్టింది. క్లిప్పు శీర్షాసనం వేస్తే కొత్త నురగ." గొంతులో వణుకు లేదు, కన్నీళ్ళు లేవు. "నీకు తెలియదులే. నువ్వు అప్పుడు క్యాంపులో ఉన్నావు."

అప్పుడు తిరిగాడు. ఎనిమిది నెలల తర్వాత కూతురి ముఖం చూశాడు. కళ్ళ కింద నలుపు దిగిపోయింది, చెంపలు లాగేశాయి. ఇది ఎప్పుడు ఇంత చిక్కిపోయింది?

"చెయ్యి చూపించు."

జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మణికట్టు పైన నాలుగు గాట్లు, రెండు లోతైనవి. కట్టు లేదు, పొడి లేదు, శుభ్రంగా కడిగిన గాయం. వేళ్ళు వాచి ఉన్నాయి.

"పెట్టెల్లో ఐసు లేదు. మందు పాడైపోతోంది. డీలరు ఆఫీసుకి నాలుగు లెటర్లు రాశాను, ఎవరూ పలకలేదు," అంది, వేరెవరి సంగతో చెబుతున్నట్టు. "రోజూ పిల్లలకి అవే పొడుస్తున్నాను నాన్నా. మంగళవారం వాళ్ళింటికే వెళ్ళాను. ఇక మీద మీ పెట్టెలు తీసుకోను, పైకి చెబుతా అన్నాను. గొలుసు విప్పాడు. చెయ్యి దాని నోట్లో ఉంది. ఆయన దారికడ్డంగా నిలబడ్డాడు. తోశాను. పడ్డాడు. కుక్క లోపలికి పరిగెత్తింది, గొళ్ళెం పెట్టేశాను. నాడి చూశాను, అలవాటు కొద్దీ ఈ చేత్తోనే. వేళ్ళు మొద్దుబారిపోయాయి. నాడి లేదు. పోయాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ముందు కడుగు అని అమ్మ అరిచినట్టయింది. కడిగాను. ఇంటికొచ్చి మళ్ళీ కడిగాను."

మొద్దుబారిన వేళ్ళతో నాడి చూసింది.

"సూది వేసుకున్నావా?"

"మా గదిలో ఉన్నవన్నీ ఆ పెట్టెల్లోవే, నీళ్ళతో సమానం. బుధవారం పెద్దాసుపత్రికి వెళ్ళాను. గేటు దగ్గర పోలీసులు అందర్నీ అడుగుతున్నారు. వెనక్కొచ్చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెట్టెల సంగతి రెండుసార్లు చెప్పాను నాన్నా. భోజనాల దగ్గర."

"నేనేమన్నాను?"

"మంచినీళ్ళు అందుకోమన్నావు."

జేబులో ఫోను మోగింది. పశువుల డాక్టరు, పాత స్నేహితుడే. "నువ్వు అనుకున్నదే అయ్యా. పిచ్చికుక్కే, అనుమానం లేదు. ఆ కాటు పడ్డవాళ్ళెవరో తెలిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దని చెప్పు."

"చెబుతా," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

కూతురు అడగలేదు. ఆయన ముఖం చూసి తెలుసుకుంది. అప్పుడు మాత్రం దాని కింది పెదవి ఒక్కసారి అదిరింది.

"చెప్పులేసుకో," అన్నాడు.

"బయట వాళ్ళున్నారు నాన్నా."

"ఉండనీ. నేనున్నాను." ఆ మాట దానితో ఎన్నేళ్ళ తర్వాత అన్నాడో ఆయనకి గుర్తు లేదు. ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కాడు.

"ఫలితం నాకూ చెప్పారు," అన్నాడు అవతల నుంచి ఇన్‌స్పెక్టరు. గొంతులో వెటకారం లేదు. "ఏం చేద్దామంటారు?"

"ముద్దాయి దొరికింది. అరగంటలో పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నా. నీవాళ్ళని పక్కకి నిలబెట్టు. ముందు సీరం, ముందు సూది. తర్వాత నీ కాగితం మీద ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం. మాటివ్వు."

"ఇచ్చాను. ఎవరు గురువుగారూ?"

అమ్మాయి గుమ్మంలో వంగి, ఎడమచేత్తో చెప్పు పట్టీ పెట్టుకోవడానికి తంటాలు పడుతోంది. పట్టీ జారిపోతోంది, మళ్ళీ పెడుతోంది.

"మా అమ్మాయి."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి అడిగాడు. "గురువుగారూ... ఆ మనిషి అరగంట బతికున్నాడన్న సంగతి అమ్మాయికి తెలుసా?"

పట్టకారు కూతురి వైపు చూశాడు.

"తెలియదు," అన్నాడు.

పట్టీ పెట్టుకుంటున్న పిల్ల ఆగి, తలెత్తింది.

"ఏం తెలియదు నాన్నా?"